అమ్మ చూడని ప్రక్క

మా యింటి పంచలో నొక పాత మోటారుసైకిలు కలదు. అది 1971వ సంవత్సరపు బుల్లెట్టు. నాకంటె ఒక యేడు పెద్దది. మా యమ్మ క్రొత్తవారికి మా కుటుంబమును గూర్చి చెప్పునప్పుడు, “మొదట బండి, తరువాత అమ్మాయి, ఆ తరువాత అబ్బాయి” అని బండినుండియే లెక్క ప్రారంభించును. విన్నవారు నవ్వుదురు. మేము మాత్రము నవ్వము. మా యింట ఆ లెక్క నిజమే.

ఏబదియేండ్లు దాటిన స్త్రీ, అందులోను పిల్లలకు చదువు చెప్పు పంతులమ్మ, ఆదివారమునాడు డబడబమని చప్పుడు చేయు ముసలి బండి నెక్కి ఊళ్లు తిరుగుట యేమి శోభ యని మార్కాపురములో ననువారు కొందరు కలరు. వారిమీద నాకు కోపము లేదు. పది యేండ్లక్రిందట నెవరైన నా కీమాట చెప్పినచో నేనును నమ్మియుండను. అయినను ఈ బండివలన నాకు తెలిసిన సంగతి యొకటి కలదు. అది బండిని గూర్చినది కాదు, మా యమ్మను గూర్చినది. దానిని సోదరీమణులతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా నాయన పలకల కార్ఖానాలో లెక్కలు వ్రాసెడివారు. మార్కాపురపు పలకల పేరు వినని తెలుగు కుటుంబ ముండదు. మీలో పలువురు మొదటి ఓనమాలు దిద్దిన నల్లని పలక మా యూరి గనులనుండి వచ్చినదే కావచ్చును. ఆ రోజులలో కర్నూలు, నంద్యాల అంగళ్లవారికి పలకలు అప్పుమీద పంపి, తరువాత బాకీలు వసూలు చేసికొని వచ్చుట మా నాయన పని. అందుకై ఆయన బుల్లెట్టు కొనెను. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున 1932లో ఆ పేరుతో బండి పుట్టినది. మన సైన్యము సరిహద్దుల కావలికి దానిని కోరుకొనగా, 1955లో మద్రాసున సంస్థ యేర్పడి, తిరువొత్తియూరులో దాని తయారీ సాగినది. ఇంగ్లండులో ఆ కార్ఖానా ఎప్పుడో మూతపడినను మన దేశమున బండి నిలిచినది. పుట్టింట పేరు మాసి మెట్టినింట వర్ధిల్లిన ఆడుపడుచువంటి దని మా నాయన హాస్యమాడెడివారు.

ఆయన పోయి ఎనిమిదేండ్లయినది. అటుపిమ్మట ఏడాదిపాటు బండిమీద దుప్పటి కప్పి యుంచితిమి. ఒకనాడు నేను పంచ చిమ్ముచు దుప్పటి తొలగించి చూడగా, చక్రముల గాలి దిగి, ఇంజనుపై బల్లిగ్రుడ్లు కనబడినవి. ఆ క్షణమున నాకు కలిగినది దుఃఖము కాదు, సిగ్గు. ఇంటిలో పశువు ఆకలితో నుండగా తెలియనట్లు తిరిగినదానికి కలుగు సిగ్గువంటిది. మరునాడే మా యూరి మేస్త్రీ సాయెబుగారిని పిలిపించితిని. ఆయన బండిని చూచి, “పంతులమ్మగారూ, అమ్ముతారా, నడిపిస్తారా? అది చెప్పండి. దాన్నిబట్టి పని చేస్తా” అనెను. “నేర్పితే నేనే నడుపుతాను” అని నా నోట వచ్చినది. ఆ మాట నే ననుటకు ముందు నాకును తెలియదు.

అప్పుడు నాకు నలుబదియైదు దాటినవి. సాయెబుగారు మొదటి నెల నన్ను బండి యెక్కనీయలేదు. “ముందు తుడవండి. తుడిస్తే ఎక్కడ ఏముందో చెయ్యికి తెలుస్తుంది” అని గుడ్డయు కిరసనాయిలును చేతి కిచ్చెను. ఆ విధముగా ప్లగ్గు ఎక్కడ నున్నదో, పెట్రోలు ఏ దారిని దిగునో, గొలుసు ఎంత బిగువుగా నుండవలెనో నేర్చుకొంటిని. వంటయింటిలో పొయ్యిని, దీపమును, తిరుగలిని ఎరుగు చేతికి ఇది కొత్త విద్యగా తోచలేదు. ఇది పురుషుల విద్య యని మనకు చెప్పినవా రెవరో గాని, ఇనుమునకు ఆడు మగ భేదము తెలియదు.

పాత బుల్లెట్టును లేపుట యొక మర్యాద. నేటి బండ్లవలె మీట నొక్కిన లేవదు. ముందు పెట్రోలు తిప్పి, ఎడమచేతి క్రిందనున్న చిన్న మీటను నొక్కి లోపలి గాలిని వదలవలెను. అటుపిమ్మట కిక్కును మెల్లగా త్రొక్కుచు, దీపముపైనున్న ఆంపియరు మీటరు సూది నడిమికి వచ్చువరకు చూడవలెను. సూది నడుమ నిలిచినప్పుడు మీటను వదలి, కాలి బలముతో గాక ఒంటి బరువుతో ఒక్కసారి దిగవలెను. 346 సీసీల ఒక్కటే సిలిండరు. తొందరపడి తన్నినచో తిరుగ తన్నును. “తన్నగూడదు తల్లీ, లేపాలి. నిద్రపోయే పిల్లను లేపినట్టు” అని సాయెబుగారు చెప్పెడివారు. గేరు కుడికాలిక్రింద, బ్రేకు ఎడమకాలిక్రింద నుండును. నేటి బండ్లకు తలక్రిందు. అందుచే నేటి కుఱ్ఱవాండ్రు దీని నెక్కి బ్రేకనుకొని గేరు త్రొక్కి తెల్లమొగము వేయుదురు. వేరే బండి యెరుగని నా కా చిక్కు కలుగలేదు.

నేర్చిన తరువాత నేను తర్లుపాడు పోతిని, దోర్నాల పోతిని, ఎఱ్ఱగొండపాలెము పోతిని. గంటకు నలుబది యైదు కిలోమీటర్లకు మించి పోను. ఆ వేగమునందు ఇంజను చప్పుడు విడివిడిగా వినబడును. ఎదురువచ్చు గాలిలో ఎక్కడ వడ్లు ఆరబోసిరో, ఎక్కడ వేపచెట్టు పూసినదో తెలియును. కారులో కూర్చున్నప్పుడు త్రోవ మన కెదురుగా ఆడు బొమ్మలాటవలె నుండును. పాత బండిమీద మనమును ఆ త్రోవలోని వారమే. నిలిచినచోటనెల్ల ఎవరో యొక వృద్ధుడు దగ్గరకు వచ్చి, “మా పినతండ్రికి ఇట్లాంటిదే ఉండేదమ్మా” అని మొదలుపెట్టును. ఆ బండివలన నాకు కలిగిన పరిచయములు పాఠశాలలో ముప్పదియేండ్లలో కలుగలేదు.

ఊరివా రేమనుకొందురో యని మొదట వెఱచినమాట నిజము. అప్పుడు నాకు ధైర్యము కలిగించినది చరిత్ర. 1916లో అమెరికాలో అగస్టా, అడెలైన్ వాన్ బ్యూరెన్ అను అక్కచెల్లెండ్రు న్యూయార్కునుండి బయలుదేరి, చెరియొక మోటారుసైకిలుపై ఆ దేశపు రెండవ తీరమునకు పోయిరి. పురుషులవలె లాగులు తొడిగిరని త్రోవలో పోలీసులు వారిని పలుమారు పట్టుకొనిరట. 1934 డిసెంబరులో థెరెసా వాలక్, ఫ్లారెన్స్ బ్లెంకిరన్ అను స్త్రీలు లండనునుండి బయలుదేరి, సహారా ఎడారిని దాటి, 1935 జూలైలో ఆఫ్రికా దక్షిణపు కొసనున్న కేప్‌టౌను చేరిరి. వారిది 600 సీసీల పాంథర్ బండి. దానికి ప్రక్కతొట్టియు, వెనుక సామానుబండియు తగిలించిరి. అంత దూర మెందుకు? 2018లో జై భారతి నాయకత్వమున హైదరాబాదునుండి నలుగురు స్త్రీలు మోటారుసైకిళ్లపై బర్మా మొదలు వియత్నామువరకు పోయి, దాదాపు 17,000 కిలోమీటర్లు తిరిగి వచ్చిరి. వారి ముందు నా దోర్నాల యెంత?

ఇక అసలు సంగతికి వచ్చెదను.

మా యమ్మకు డెబ్బదియారేండ్లు. రెండేండ్లక్రిందట నామె గడప తగిలి పడబోయెను. మరల కొన్నాళ్లకు ప్రక్కన నిలిచిన మనుమరాలిని చూడక చెంబు మీదకు వంచెను. కంటివైద్యునికి చూపగా నీటికాసులని చెప్పిరి. ఈ జబ్బులో కంటి లోపలి ఒత్తిడివలన చూపు నరము కొంచెము కొంచెముగా పాడగును. నొప్పి యుండదు. మొదట ప్రక్కచూపు పోవును. నడిమి చూపు చాలకాలము నిలుచును. కావుననే రోగికి తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదానిని చుక్కల మందుతోను చికిత్సతోను కాపాడుకొనవలసినదే. నలుబదియేండ్లు దాటిన సోదరీమణులు, ముఖ్యముగా ఇంటివారిలో నెవరికైన నీ జబ్బున్నవారు, బాధ లేకున్నను కన్ను చూపించుకొనుట మేలు. మేము ఆలస్యము చేసితిమి.

ఆ రాత్రి మందు వేయుచుండగా మా యమ్మ నవ్వి, “దేవుడికి తమాషా ఎక్కువే అమ్మాయీ. ఇన్నాళ్లూ పక్కలే చూపించాడు. ఇప్పుడు పక్కలు తీసేసి ఎదరే చూడమంటాడు” అనెను. నాకు బోధపడలేదు. ఆమె చెప్పెను:

“నా పుట్టిల్లు గిద్దలూరు గదా. మీ నాయన బండి వెనకాల ఎన్నిసార్లు పోయుంటాను! ఒక పక్కకు కూర్చునేదాన్ని, రెండు కాళ్లూ ఎడమకు. పోయేటప్పుడు వెలికొండలు కనపడేవి. వచ్చేటప్పుడు నల్లమల కనపడేది. పుట్టింటికి పోతుంటే ఒక కొండ, అత్తింటికి వస్తుంటే ఒక కొండ. రెండూ ఒక్కసారి ఎప్పుడూ చూడలా. ఎదర ఏముందో అసలే చూడలా. ఎదర మీ నాయన వీపు.”

సోదరీమణులారా, మనలో నెందరము ఒక ప్రక్కకు కూర్చుండి ఎన్ని వేల మైళ్లు పోయితిమో లెక్క కలదా? నే నైతే ఆ రాత్రివరకు దానిని గూర్చి ఆలోచింపలేదు. మా నాయన దుర్మార్గుడు కాడు. ఆమె అడిగినచో నిలిపియుండెడివాడు. ఆమె అడుగలేదు. అడుగవలెనని ఆమెకును తోచలేదు. ఆయన బాకీల తొందరలో నుండెను, ఆమె ఒడిలో పిల్లవాడుండెను. ఇట్లు ముప్పదియేండ్లు గడచినవి.

ఇదే సమయమున మా తమ్ముడు హైదరాబాదునుండి మాటలాడెను. పాత బండ్లు సేకరించు నొక పెద్దమనిషి మంచి వెల యిచ్చునట. “అక్కా, నీకు యాభై దాటినయి. పడితే ఎవరు చూస్తారు? అమ్మ కళ్లకు ఖర్చు ఉండనే ఉంది. ఇచ్చేద్దాం” అని వాని మాట. వాని యందు స్వార్థము లేదు, భయమున్నది. ఆ భయము నాకును లేకపోలేదు. పైగా పాత బండిని ఉంచుకొనుట చౌక కాదు. ఐదేండ్లకొకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరించుకొనవలెను. 2021లో ప్రభుత్వము 50 ఏండ్లు దాటి, మార్పుచేర్పులు లేక నిలిచిన బండ్లకు ప్రత్యేకముగా ప్రాచీన వాహనములను తరగతి యేర్పరచినది. కాని ఆ తరగతిలో చేర్చిన బండిని ప్రదర్శనలు, పాత బండ్ల ర్యాలీలు మొదలగు వానికి తప్ప నిత్యప్రయాణములకు వాడరాదు. నాకు అద్దాల గదిలోని బండి యక్కరలేదు గాన, మామూలు తరగతిలోనే ఉంచితిని. “సంక్రాంతికి వచ్చినప్పుడు తేల్చుకొందము” అని తమ్మునికి చెప్పితిని. అంతలో చేయవలసిన పని యొకటి నా మనసులో పడినది.

మా యమ్మతో, “గిద్దలూరు పోదామా? ఈసారి ఎదర చూస్తూ” అంటిని. మా నాయన ఆరడుగుల మనిషి, వెడల్పైన వీపు. నేను పొట్టిదానను. నా వెనుక కాళ్లు రెండు ప్రక్కల వేసికొని కూర్చున్నవారికి నా భుజముమీదుగా త్రోవ యంతయు కనబడును. మా యమ్మ యొక నిమిషము మాటలాడలేదు. “చీరతో ఎట్లా కూర్చునేది?” అనెను. మరుక్షణముననే తానే, “మా అవ్వ గోచీ పోసి కట్టేది. గుర్రం గూడా ఎక్కేదంట” అని లేచి పెట్టె తెరచి తొమ్మిది గజముల చీర కొరకు వెదుక నారంభించెను.

కంటివైద్యుని అడిగితిమి. మెల్లగా పోయి, మధ్యమధ్య దిగి నడచినచో అభ్యంతరము లేదనిరి. మార్గశిర మాసమున, చలి యింకను ముదరకముందు, ఒక శనివారము తెల్లవారుజామున బయలుదేరితిమి. అమ్మ గోచీ బిగించి, తలకు హెల్మెట్టు పెట్టి, వీధి అరుగుమీదనుండి బండి యెక్కెను. వీధివారందరును వాకిండ్లలో నిలిచిరి. మావారికి మోటారుసైకిలనిన భయము. ఆయన సామాను తీసికొని, “నేను ముందుపోయి గిద్దలూరు స్టేషనులో ఎదురు చూస్తాను” అని రైలెక్కిరి.

ఊరు దాటగానే మా యమ్మ నా నడుము పట్టు వదలి, భుజములపై చేతులు వేసెను. ఎడమ ప్రక్క దూరముగా వెలికొండలు. కుడి ప్రక్క నల్లమల. నడుమ కందిచేలు పసుపుపచ్చగా పూసియుండెను. ప్రక్కచూపు లేదు గనుక ఆమె తల నిటు నటు త్రిప్పి చూడవలసి వచ్చెను. పిచ్చుకవలె త్రిప్పుచునే యుండెను. తర్లుపాడు దాటిన తరువాత నొకచోట, “ఆగాగు” అనెను. ఏమి జరిగెనో యని వెఱచి ఆపితిని. “ఏం లేదు. రెండు కొండలూ ఒకే లోయకు గోడలు. నేను రెండు వేరే ఊళ్లనుకునేదాన్ని” అనెను. భూగోళ పాఠమున నేను పిల్లలకు చెప్పు మాట అది. గుండ్లకమ్మ యీ లోయలో ఉత్తరముగా సాగి తరువాత తూర్పు సముద్రమునకు పోవును. గిద్దలూరు సగిలేరు దక్షిణముగా పోయి పెన్నలో కలియును. ఇన్నేండ్లు ఈ మాటలు నల్లబల్లపై వ్రాసితిని. నా తల్లికి చూపలేదు.

కంభముకడ త్రోవ విడిచి చెరువునకు పోతిమి. ఇన్నిసార్లు కంభము మీదుగా పోయియు అమ్మ ఆ చెరువును చూడలేదు. తొందరలో ఎన్నడును దారి మళ్లలేదు. రెండు కొండల నడిమి సందును 57 అడుగుల యెత్తున కట్టతో మూసి, గుండ్లకమ్మను నిలిపిన చెరువది. పదునారవ శతాబ్దమున, శ్రీకృష్ణదేవరాయల దేవి, గజపతుల ఆడుబిడ్డ వరదరాజమ్మ కట్టించెనని చెప్పుదురు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు దీనిని వారసత్వ కట్టడములలో చేర్చిరి. వానలు బాగుగా కురిసినందున చెరువు నిండియుండెను. అమ్మ కట్టమీద నిలిచి చాలసేపు చూచి, “ఆడది కట్టించిందా?” అని మెల్లగా అడిగెను. అవునంటిని. “పుట్టింటికీ అత్తింటికీ నడుమ కట్టించింది” అని తనలో తాననుకొనెను. ఒరిస్సా రాజుల బిడ్డ యెక్కడ, ఈ లోయ యెక్కడ యని నేనును అనుకొంటిని.

కంభము దాటిన పిమ్మట మిట్టమధ్యాహ్నమున బండి రెండుమారులు దగ్గి ఆగిపోయెను. దోషము బండిది కాదు, నాది. దూరము పోవునప్పుడు ముందుగా పాయింట్లు శుభ్రము చేయవలెనని సాయెబుగారు పలుమారు చెప్పియుండిరి. పరీక్షల కాగితములు దిద్దు తొందరలో మరచితిని. వేపచెట్టు నీడలో అమ్మను దింపి, పెట్రోలు చూచి, ప్లగ్గు తీసి చూచితిని. నిప్పురవ్వ నీరసముగా నుండెను. పాయింట్ల మూత విప్పగా మసి పట్టియుండెను. గరుకుకాగితము ముక్కతో రుద్ది, మూత పెట్టి త్రొక్కితిని. లేవలేదు. పది త్రొక్కులు త్రొక్కితిని. చెమట కారుచుండెను. డెబ్బదియారేండ్ల తల్లిని నడిత్రోవలో నిలిపితినే, తమ్ముడు చెప్పినది నిజమే కదా, అని కండ్ల నీళ్లు తిరిగినవి.

అమ్మ లేచి వచ్చి, “రుద్దినాక తుడిచావా?” అనెను.

నేను వెఱగుపడి చూచితిని.

“మీ నాయన రుద్దినాక నా చెంగు అడిగేవాడు. పొడి మిగిలితే నిప్పు దాటదంట. ఇందా” అని చీరకొంగు చేతి కిచ్చెను. మూత తీసి, ఆ కొంగుకొసను పాయింట్ల నడుమ దూర్చి రెండుమారులు లాగితిని. నూలుబట్టకు బూడిదరంగు పొడి అంటినది. మూత పెట్టి, సూది నడిమికి తెచ్చి, ఒంటి బరువుతో దిగితిని. మొదటి త్రొక్కునకే బండి లేచెను. అమ్మ కొంగుమీది మరకను చూచుకొని మురిసికొనుచు, “ఈ మరక ఎన్ని చీరలకయ్యిందో!” అనెను.

త్రోవలో సగమే చూచినదని నే ననుకొన్న అమ్మ, బండిని మాత్రము పూర్తిగా చూచియుండెను. ఎవరును చెప్పకున్నను నేర్చుకొనెను. ఆమె కిది తెలియునా యని ఎవరును అడుగకుండుటచే నింతకాలము మిన్నకుండెను.

గిద్దలూరులో ఆమె పుట్టినిల్లు ఇప్పుడు లేదు. ఆ స్థలమున రెండంతస్తుల మేడ వెలసినది. మా మేనమామగారి కొడుకింట రాత్రి నిలిచితిమి. ఉదయమున తిరుగుప్రయాణమునకు బండి త్రిప్పుచుండగా అమ్మ, “అవతలకు పోదాం. మీ నాయన నంద్యాల పోతే సందు మలుపు తిరిగేదాకా చూసేదాన్ని. ఆ తర్వాత ఏముందో నాకు తెలీదు” అనెను. దిగువమెట్ట దాటి నల్లమలలో ప్రవేశించితిమి. ఎండ చెట్లమధ్య ముక్కలై పడుచుండెను. టేకులు, మద్దులు, వెదురుపొదలు. పులు లున్న అడవి గనుక ఎక్కడను దిగవలదని ముందే అనుకొంటిమి. నందికనుమ మలుపులు వచ్చినవి. ప్రతి మలుపున బండి వంగుటకు ముందే అమ్మ నాతోకూడ వంగుచుండెను. తరువాత నామె చెప్పెను: “ఒక పక్కకు కూర్చుంటే మలుపు వస్తుందని ముందు తెలీదమ్మాయీ. మీ నాయన వీపు వంగితే అప్పుడు తెలిసేది. గుండె గుభేలుమనేది. ఎదర కనపడితే భయం లేదు.”

ఈ యొక్క మాటకొరకే నే నీ వ్యాసము వ్రాసితినని చెప్పవచ్చును.

సంక్రాంతికి తమ్ముడు వచ్చెను. బండి మాట తెచ్చెను. అమ్మ మంచముమీద కూర్చుండి, “అమ్ముదువులే నాయనా. ముందు ఒకసారి లేపు, చూద్దాం” అనెను. వాడు పంచలోనికి పోయి ఏడెనిమిది త్రొక్కులు త్రొక్కెను. బండి ఒకసారి తిరుగ తన్నగా పిక్క పట్టుకొని కూర్చుండెను. లోపలినుండి అమ్మ, “సూది నడిమికి రాలేదురా. చప్పుడులోనే తెలుస్తున్నది” అనెను. వాడు నావంక చూచెను. నేను నవ్వు ఆపుకొంటిని. మీట ఎక్కడ నొక్కవలెనో అమ్మ గది లోపలినుండియే చెప్పగా, రెండవమారు బండి లేచెను. ఆ సాయంకాలము వాడే కొనుగోలుదారునకు ఇప్పుడు కాదని చెప్పివేసెను. ఎప్పటికిని కాదని చెప్పలేదు. వాని భయము పోలేదు. నేనును దానిని తప్పనను. నాకు మోకాళ్ల నొప్పులు వచ్చునాడు నేనే దుప్పటి కప్పుదును. ఆనాటివరకు వాడు ప్రతి సెలవునకు వచ్చి నేర్చుకొనుటకు ఒప్పుకొనెను.

మొన్న మరల కంటిపరీక్ష చేయించితిమి. ఎడమకంటి చూపు మరికొంత సన్నగిలినదనిరి. అమ్మ దానికి దుఃఖింపలేదని చెప్పిన నది అబద్ధమగును. ఇంటికి వచ్చి రెండు రోజులు మాటలాడలేదు. మూడవనాడు మనుమరాలిని కూర్చుండబెట్టుకొని, మార్కాపురమునుండి నందికనుమవరకు త్రోవయంతయు చెప్పెను. ఎడమ కొండ, కుడి కొండ, నడుమ చేలు, ఆడుది కట్టించిన చెరువు, ఎదుట మలుపులు. ఒక్క ప్రక్కయు విడువలేదు.

సోదరీమణులారా, మీరందరు మోటారుసైకిలు నేర్వవలెనని నే ననను. కాని మీ యింట నున్న యంత్రము నొకదానినైన, కుట్టుమిషనైనను సరే, స్కూటరైనను సరే, మూత విప్పి లోపల చూడుడు. మీ తల్లి ఏ త్రోవను సగమే చూచెనో యొకసారి అడుగుడు. ఆమె కన్ను వెలుగుచుండగానే అడుగుడు. తొందరపడకుడు గాని, ఆలస్యమును చేయకుడు.